రెండు కళ్ల డబ్బా, మూడు రీళ్లు

కెమెరా కోసం హైదరాబాద్ నుంచి వికారాబాద్ వెళ్లిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. లోకమంతా అటు నుంచి ఇటు వస్తుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, నీకు కోఠి షాపులు పనికిరావు కాబోలని మా ఆయన దెప్పాడు. కోఠిలో అడిగానని, అక్కడివాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారని ఆయనకు చెప్పలేదు.

నాకు కావలసింది రీలు కెమెరా. అందులోనూ మీడియం ఫార్మాట్ అని, మామూలు రీలు కన్నా వెడల్పు రీలు పట్టేది. దాని మీద బొమ్మ పెద్దగా పడుతుంది కాబట్టి గోడంత ఫోటో వేయించినా మొహాలు చెదరవు. రీలుకు పది బొమ్మలో, పన్నెండో, పదిహేనో. రీలు ఒక్కోటి వెయ్యి రూపాయల దాకా ఉంది. మూడు కొని ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన దాచాను. కెమెరా లేదు గానీ రీళ్లున్నాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

కెమెరా మోజు ఆరు నెలలుగా ఉన్నదే గానీ, ఈ తొందరకు కారణం మా చిన్నమ్మ సువార్తమ్మ. బంట్వారం అవతల మా అమ్మ పుట్టిన ఊళ్లో చిన్న రాతి చర్చి ఉంది. లోపల గోడకు ఒక పాత ఫోటో: చర్చి తలుపు ముందు నలభై మంది, నలుపు తెలుపుల్లో. అందరి నోళ్లూ కాస్త తెరుచుకుని ఉంటాయి, ఎందుకో ఎవరికీ తెలియదు. ముందు వరసలో మా అమ్మ, అప్పటికి పదేళ్ల పిల్ల. అమ్మ పక్కన మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక. ఆ మరకే చిన్నమ్మ. ఫోటో తీసేటప్పుడు కదిలిందట.

నేను బయల్దేరడానికి వారం ముందు ఫోన్ చేసింది. పాత చర్చి విప్పి స్లాబ్ వేస్తున్నారట, సోమవారం పైకప్పు తీసేస్తారట. "ఆదివారం ఆరాధన అయినంక అందరం నిలవడతం బిడ్డా. ఆ తలుపు ముంగట ఒక్కసారన్న నా మొహం పడాలె. గోడ మీద పాతదాని పక్కన పెట్టేటట్టు, గసోంటిదే తియ్యి" అంది. తర్వాత ఎప్పుడూ అనేదే అంది: వచ్చినప్పుడు ఒక్క ప్రార్థనకు నిలబడి ఆమేన్ అని పొమ్మని. అమ్మను పూడ్చిన రోజు నుంచి, ఏడేళ్లుగా, ఆ మాట నా నోట రాలేదు. ఆ కోపం ఎవరి మీదో నాకే సరిగా తెలియదు. ఫోటో సంగతి చూస్తానని మాత్రం అన్నాను.

వికారాబాద్, గురువారం

లింగంపల్లి దాటాక రైలు ఖాళీ అవుతుందనుకుంటే ఇంకా నిండింది. వికారాబాద్‌లో దిగేసరికి స్టేషన్ బయట సీతాఫలాల గంపలు. గంపెడు రెండొందలంది ఒకామె. మా కాలనీలో ఆ డబ్బుకు ఆరు కాయలిచ్చి సంచికి వేరే అడుగుతారు. ఆశపడి కొన్నాను. కెమెరా వెతకడానికి వచ్చినదాన్ని చంకలో గంపతో ఊరంతా తిరిగాను.

నర్సింలు గారి స్టూడియో ఒక జిరాక్స్ షాపు పక్కన ఉంది. తండ్రి పెట్టిన స్టూడియో. ఆయనకు అరవై దాటాయి. ఇప్పుడు తీసేవన్నీ పాస్‌పోర్టు ఫోటోలే, అయినా లోపల పాత కెమెరాలు ఉన్నాయని ఎవరో చెప్పగా వచ్చాను. ఆరు నెలలుగా చదివిందంతా ఒప్పజెప్పాను. చతురస్రం బొమ్మ మంచిదా, పొడవుదా. నేరుగా చూసేదా, వంగి చూసేదా. లెన్సు మార్చుకునేదా, కాదా. ఆయన పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూ అంతా విన్నాడు.

"గదంత కెమెరా ముచ్చట మేడం. మీ పనేంది?" అన్నాడు.

చర్చి సంగతి చెప్పాను. కత్తెర ఆగింది. ఆ పాత ఫోటో వాళ్ల నాన్నే తీశాడట. దాని కోసం మూడుసార్లు ఆ ఊరికి పోయి వచ్చాడట. మూడుసార్లు ఎందుకో ఆయన ఎన్నడూ చెప్పలేదట. మంచోళ్లే కానీ ఫోటోకు కష్టమైనోళ్లు అని మాత్రం అనేవాడట.

లోపలికి వెళ్లి పాత తువ్వాలలో చుట్టిన డబ్బా ఒకటి తెచ్చాడు. ముందు ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులు. పై లెన్సు మనం చూడటానికి, కింది లెన్సు రీలు చూడటానికి. కెమెరాను గుండెకు ఆనించుకుని, పైమూత తీసి, తల వంచి లోపలికి చూడాలి. అద్దంలో మాదిరిగా కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. రీలుకు పన్నెండు బొమ్మలు, చతురస్రంగా.

"గిది సాలు మీకు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆరు నెలలు చదివి వచ్చినదానికి ఆరు మాటలైనా చెప్పకుండా, ఇంట్లో మూలన పడి ఉన్నది అంటగడుతున్నాడనుకున్నాను. అంటగట్టడం కూడా లేదు, అమ్మనన్నాడు. నచ్చితే పని చేసుకుని తెచ్చివ్వాలట. ఒక రీలు తీసి చూసి రమ్మన్నాడు. సీతాఫలాల గంప అక్కడే దింపి డబ్బా తీసుకున్నాను.

అనంతగిరి, శుక్రవారం

కొండ మీద పచ్చదనం గురించి చాలామంది చెప్పారు, నేనూ చెబుదామనుకున్నాను, కానీ ఆ రోజంతా తల వంచుకునే ఉన్నాను. డబ్బాలో చెట్టు కుడివైపు జారిపోతుంటే కుడికి తిరుగుతాను, అది ఇంకా జారిపోతుంది. పద్మనాభస్వామి గుడి మెట్ల దగ్గర ఒక పెద్దాయన్ని ఫోటోలోకి తేవాలని తిరిగి తిరిగి చివరికి వెనకున్న చెప్పుల స్టాండుకు గుద్దుకున్నాను. ఆయన లేచి వచ్చి, కళ్లు తిరుగుతున్నాయా అమ్మా అని నీళ్ల సీసా ఇచ్చాడు.

మూసీ ఇక్కడే పుడుతుందట. మా ఇంటి దగ్గర ముక్కు మూసుకుని దాటే మూసీ ఇక్కడ ఇంత శుభ్రంగా మొదలవుతుందంటే నమ్మబుద్ధి కాదు. ఆ తడి రాళ్లకు రెండు బొమ్మలు ఖర్చు చేశాను. మధ్యాహ్నానికి పన్నెండు బొమ్మలూ అయిపోయాయి. మిర్చి బజ్జీల బండి దగ్గర కూర్చున్నాను. ప్లేటు ముప్పై రూపాయలు, బజ్జీలో వాము, పైన ఉల్లిగడ్డ, నిమ్మకాయ. అంతవరకు బాగానే ఉంది.

పక్క బల్ల మీద కొత్తగా పెళ్లయిన జంట. అబ్బాయికి డబ్బా ముద్దొచ్చింది. ఇందాక మమ్మల్ని తీసినారా ఆంటీ అని అడిగాడు. వెనకాల మీరూ పడ్డారని చెప్పి, చేతులకు నూనె అయిందని కడుక్కోవడానికి వెళ్లాను. వచ్చేసరికి కెమెరా వెనక తలుపు బార్లా తెరిచి, రీలు రెండు జానల మేర లాగి ఎండకు పట్టి చూస్తున్నాడు.

"ఫోటోలు ఏవి ఆంటీ? ఏం కనిపిస్తలేవు" అన్నాడు.

కనిపించవు నాయనా, ఇక ఎప్పటికీ కనిపించవు అన్నాను. ఎండ తగిలితే రీలు పోతుందని అతనికి పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. భార్య తల పట్టుకుని నాకు ఇంకో ప్లేటు బజ్జీలు ఇప్పించింది. తిన్నాను. కోపంలో నాకు ఆకలి ఎక్కువ.

సాయంత్రం స్టూడియోకు వెళ్లి, ఇది నాకు కుదరదు, నేరుగా కంటికి పెట్టుకుని చూసేది కావాలన్నాను. నర్సింలు గారు వాదించలేదు. తాండూరులో పప్పు మిల్లు సేటు ఒకాయన దగ్గర అలాంటివి ఉన్నాయన్నాడు. డబ్బా తిరిగి ఇవ్వబోతే, సోమవారం దాకా మీ దగ్గరే ఉంచుకోమన్నాడు. ఇంట్లో ఉంటే దానికి బూజే కదా అన్నాడు. మోత బరువు తప్ప ఏమిటి లాభం అని గొణుక్కుంటూ సంచిలో వేసుకున్నాను.

తాండూరు, శనివారం

తాండూరులో ముందు తగిలేది బండల దుమ్ము, తర్వాత కందిపప్పు వాసన. ఆటోలో ఇద్దరు కన్నడంలో మాట్లాడుకుంటుంటే డ్రైవరు తెలుగులో జవాబిస్తున్నాడు, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంటికి తీసుకెళ్దామని పప్పు ధర అడిగాను. తాండూరు పప్పని మా వీధి కొట్లో అమ్మేదానికన్నా తక్కువే, కానీ అది ఇది కాదని చూడగానే తెలిసింది. ఇన్నేళ్లు ఏం తిన్నామో.

బసవరాజు సేటు మిల్లు ఆఫీసులో గాజు బీరువా నిండా కెమెరాలున్నాయి. ప్రతి లెన్సు గాజు మీదా నడిమధ్యన కుంకుమ బొట్టు. దసరాకు తూకాలకు, మిషన్లకు పెట్టినట్టే వీటికీ పెట్టారట. లెన్సుకు బొట్టు పెడితే ఎలాగండీ అంటే, పూజ చేయకుండ ఎట్లుంచుతం అమ్మా అన్నాడు. అరగంట కూర్చుని మెత్తటి గుడ్డతో మూడు బొట్లు తుడిచాను.

మొదట పెద్దది చేతికిచ్చాడు. ఆరు నెలలు కలలుగన్న కెమెరా అది, బొమ్మ అన్నిటికన్నా పెద్దది, రీలుకు పదే. ఎత్తి కంటికి పెట్టుకున్నాను. మెడలో ఎక్కడో కలుక్కుమంది. నాకు మెడ నరాల నొప్పి ఉందని, కెమెరాల గురించి చదివిన ఆరు నెలల్లో ఒక్కసారీ గుర్తు రాలేదు. రోకలి మోసే ఓపిక ఉంటే కొనుక్కోమని నాలో నేనే అనుకుని దించేశాను.

రెండోది చిన్నది. పదిహేను బొమ్మలు, తేలిక, కంటికి పెట్టుకుంటే కుడి కుడివైపే, ఎడమ ఎడమవైపే. ప్రాణం లేచి వచ్చింది. మీట నొక్కితే మాత్రం చప్పుడు లేదు. బ్యాటరీ కావాలట. చిటికెన వేలి కొసంత బ్యాటరీ, తాండూరులో లేదు. గడియారాల షాపు, టార్చిలైట్ల షాపు, మందుల షాపు, చివరికి చెవిటి మిషన్లు అమ్మే చోట కూడా అడిగాను. ప్రతివాడూ కెమెరాలోంచి తీసిన పాత బ్యాటరీని అటూ ఇటూ తిప్పి, ఇట్లాంటిది ఇంతకుముందు వచ్చేదని చెప్పాడు. ఇంతకుముందు నేనూ ఇలా ఉండేదాన్ని కాదు.

మళ్లీ గడియారాలాయన దగ్గరికే వెళ్తే ఆయనకు జాలేసింది. నాలుగు గుండీ బ్యాటరీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కాగితం చుట్టి, పైన చాక్లెట్ తగరం మడిచి లోపల దూర్చాడు. మీట నొక్కితే కెమెరా టక్కుమంది. ఆ చప్పుడుకు నాకు నిజంగా కళ్లు చెమ్మగిల్లాయి. సేటు కూడా అమ్మకం మాట ఎత్తలేదు, ముందు పని కానివ్వండి అన్నాడు. రెండో రీలు అక్కడే ఎక్కించాను. సేటు ఇంట్లో గట్టి జొన్నరొట్టె, పల్లీల పొడి, గుత్తి వంకాయ పెట్టారు. పల్లీల పొడి నాకు తెలిసిందే అనుకున్నాను, కానీ వాళ్లు దాని మీద గడ్డపెరుగు వేసి కలుపుకుంటారు. మా ఇంట్లో నెయ్యి వేస్తాం. ఇకమీదట పెరుగే.

బంట్వారం అవతల, ఆదివారం

ఊరికి బస్సు వెళ్లే దారి గురించి ఏమీ రాయను. రాస్తే గుంతలకు పేరొస్తుంది.

ఆరాధన అయ్యేదాకా నేను బయట చింతచెట్టు కింద కూర్చున్నాను. చిన్నమ్మ లోపలి నుంచి రెండుసార్లు నా వైపు చూసింది, పిలవలేదు. బయట అప్పటికే కొత్త స్లాబుకు ఇనుప చువ్వలు దింపారు. పొయ్యి మీద బగారా అన్నం, కోడికూర ఉడుకుతున్నాయి. ఆరాధన ముగిశాక నలభై మందికి పైగా తలుపు ముందు మూడు వరసల్లో నిలబడ్డారు. ముందు వరస మధ్యలో చిన్నమ్మ, ఇస్త్రీ చీరలో, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా. పక్కన పాస్టరు.

తాండూరు కెమెరా కంటికి పెట్టుకుని మీట నొక్కాను. టక్కుమంది. లోపలంతా చీకటి. లోపలి అద్దం పైకి లేచి అక్కడే ఉండిపోయింది. కదిపాను, ఊదాను, తట్టాను. బస్సు కుదుపులకు తగరం జరిగి ఉంటుంది. విప్పి, మడిచి, మళ్లీ పెట్టాను. చలనం లేదు. రెండో రీలు దాని కడుపులో ఇరుక్కుపోయింది. పాస్టరు మంచివాడు, చిన్న వయసు. ఫోన్‌లో తీద్దాం అక్కా అన్నాడు. చిన్నమ్మ నా చేతుల వైపు చూస్తూ నిలబడింది. ఇక దిక్కులేక సంచిలోంచి రెండు కళ్ల డబ్బా తీసి, చివరి రీలు ఎక్కించాను.

డబ్బా గుండెకు ఆనించుకుని తల వంచాను. అద్దంలో మొహాలు కనిపించాయి. రెండు క్షణాల్లో మొహాలు పోయి తలకాయలు వచ్చాయి. నలభై పాపిట్లు. నేను తలెత్తాను, వాళ్లూ ఎత్తారు. నేను వంచాను, వాళ్లూ వంచారు, కళ్లు మూసుకున్నారు కూడా.

తల వంచొద్దు, నన్నే చూడండి అని చెప్పాను. సరేనన్నారు. వంచాను. పిల్లలు ఆగారు, పెద్దవాళ్లు ఆగలేకపోయారు. పెద్దవాళ్లను చూసి పిల్లలూ వంచారు. ఆశ చావక నొక్కుతూ పోయాను, ఏడు బొమ్మలు తలకాయలే. ఎనిమిదో దానికి గొంతు పెంచి అరిచాను. అరిచాక సిగ్గేసింది. కోడికూర వాసన వస్తోంది, ఎండ నెత్తి మీదికి వస్తోంది, జనం కాళ్లు మార్చుకుంటున్నారు.

నేను ప్రార్థన చేస్తలేను చిన్నమ్మా, డబ్బ లోపటికి సూస్తున్న అంతే అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

"ఎర్కే బిడ్డా. అయినా నువ్వు తల వంచినంక మెడ ఆగుతలేదు. వంగినోళ్ల ముంగట తలెత్తుకొని నిలవడుడు మాకు అలవాటు లేదు" అంది. ఆగి, పాత తలుపు వైపు చూసి, మెల్లగా నవ్వింది. "ఆ కాలపు ఫోటో ఆయన గూడ గిట్లనే పరేషాన్ అయిండు. రెండుసార్లు తిరిగి పోయిండు. మూడోసారి వంగి, ఆయనే ఆమేన్ అన్నడు. అందరు ఆమేన్ అనుకుంట తలెత్తిన్రు. నామం పెట్టుకున్నాయన ఆమేన్ అన్నడని నాకు నవ్వొచ్చి మీ అమ్మ దిక్కు తిరిగిన. గిప్పుడు యాదికొచ్చింది."

తెరిచిన నోళ్లు. ఆ తెల్లటి మరక. ఇన్నేళ్లు ఆ గోడ మీద కనిపిస్తూనే ఉన్నాయి, ఎవరికీ అర్థం కాలేదు.

నేనంటా అక్కా అని పాస్టరు ముందుకొచ్చాడు. అన్నాడు. తలలన్నీ లేచి ఆయన వైపు తిరిగాయి. తొమ్మిదో బొమ్మలో అందరివీ చెంపలే. మాట డబ్బా పట్టుకున్న మనిషి నోటి నుంచే రావాలి. అది ఆయనకూ అర్థమై వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. చిన్నమ్మ నన్ను అనమని అడగలేదు. ఏడేళ్లు అడిగిన మనిషి ఆ ఒక్కసారి అడగలేదు.

తల వంచాను. నలభై తలలు వంగాయి. అందరూ అలాగే నిలబడ్డారు, నా కోసం. నేను డబ్బాలోకే చూస్తున్నాను, కానీ అమ్మ గుర్తొచ్చింది, అమ్మ మీద మట్టి పోసిన రోజు ఇదే తలుపు ముందు ఇలాగే వంగిన తలలు గుర్తొచ్చాయి. ఆ రోజు చివర్న అందరూ అన్న మాట నేను అనలేదు. మొదటిసారి నోరు తెరిచి మూశాను. రెండోసారి వచ్చింది.

"ఆమేన్" అన్నాను, మీట నొక్కాను.

మళ్లీ వికారాబాద్

సోమవారం పొద్దున బస్సెక్కేసరికి చర్చి పైకప్పు మీద ఇద్దరు మనుషులు ఎక్కి ఉన్నారు. సేటు కెమెరాను ఆ ఊరి నుంచి తాండూరు వెళ్లే ఒక బండల లారీ డ్రైవరు చేతికిచ్చి, అద్దం ఇరుక్కున్న సంగతి ఫోన్‌లో చెప్పాను. దానికేం ఫికర్ లేదమ్మా, వచ్చే దసరాకు బాగవుతుందన్నాడు. ఎలా బాగవుతుందో అడగలేదు.

నర్సింలు గారు చాలా ఏళ్ల తర్వాత రీలు కడిగాడట. రీలు కడిగే మందు పొడి హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడే తెచ్చాను. నా సీతాఫలాలు మగ్గి షాపంతా వాసన, సగం ఆయనే తిన్నాడు, మిగతా సగం కట్టి ఇచ్చాడు. తడి ఆరిన రీలును స్కానర్ మీద పెట్టి ఒక్కో బొమ్మా తెర మీదికి తెచ్చాడు. తలకాయలు, తలకాయలు, అరుపుకు అదిరిన తలకాయలు, చెంపలు. నర్సింలు గారు నవ్వుతున్నాడు. ఈ డబ్బా నాకే అమ్మమని ఈసారి నేనే అడిగాను. అమ్మనన్నాడు. పనుంటే వచ్చి తీసుకుపొమ్మన్నాడు. అయిదు రోజులు తిరిగి, మూడు రీళ్లు తగలేసి, నేను కొన్న కెమెరా ఏదీ లేదు.

పదో బొమ్మ తెర మీదికి వచ్చింది. తలుపు, రాతి గోడ, మూడు వరసలు. తలలన్నీ లేచి ఉన్నాయి, కళ్లు అప్పుడే తెరుచుకున్నాయి. నర్సింలు గారు దగ్గరికి వంగి, మళ్ల నోళ్లు తెర్సిన్రు అన్నాడు. ముందు వరస మధ్యలోకి జరిపి పెద్దది చేయమన్నాను.

చిన్నమ్మ మొహం ఉంది. కనుబొమల దగ్గరి ముడత దాకా స్పష్టంగా ఉంది. నోరు మాత్రం మూసుకుని ఉంది. చుట్టూ అందరూ ఆమేన్ అంటున్నారు, ఆమె ఒక్కతే అనడం లేదు. కదలకుండా నా వైపే చూస్తూ, వింటోంది.